నీలం ఏ గోడకి?

తిరువూరులో కొత్తగా ఇల్లు కట్టుకున్న మా బాబాయి కొడుకు ఒకరోజు పొద్దున్నే రంగుల కార్డు ఫోటో పంపించాడు. అగ్గిపెట్టెలో సగం కూడా లేని ఒక గడి చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఉంది. సిరాసీసా అడుగున చిక్కబడినట్టుండే నీలం. ఆ వెంటనే ఫోను. "అక్కా, హాల్లో ఒక గోడకి ఇది వేయిద్దామనుకుంటున్నాం, ఏమంటావు?" నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి పిన్ని గొంతు వినపడింది. "అంత ముదురు నీలమేంట్రా, ఇల్లంతా చీకటైపోదూ!"

ఇద్దరి మాటా నాకు సబబుగానే తోచింది. రంగు మీద వాడి మోజులో తప్పు లేదు. పిన్ని భయమూ ఉత్తది కాదు. ఇద్దరికీ సరిపోయే జవాబు చెప్పాలని కూర్చుంటే సున్నం నుంచి కిటికీల దాకా, లప్పం నుంచి బల్బుల దాకా చాలా విషయాలు విప్పాల్సి వచ్చింది. రంగు కొట్టే నాలుగు రోజులూ నేను తిరువూరులోనే ఉన్నాను. అక్కడ చూసిందీ, మాట్లాడుకున్నదీ, నాకు ముందే తెలిసిందీ కలిపి చెబుతున్నాను.

ముందు పిన్నికి ఒక సంగతి గుర్తు చేశాను. నీలం ఆవిడ ఇంటికి కొత్త చుట్టమేమీ కాదు. పెంకుటింట్లో ఉన్న రోజుల్లో సంక్రాంతి పది రోజులుందనగా గాబులో రాతి సున్నం నానేసేది. గడ్డలు నీళ్ళలో పడగానే బుసబుసా పొంగి, దగ్గరికి వెళ్తే మొహానికి సెగ తగిలేది. పిల్లల్ని అటు రానిచ్చేవాళ్ళు కాదు. మర్నాడు ఆ పాలని పల్చటి గుడ్డలో వడగట్టి, ఇంకో గుడ్డలో మూటగట్టిన నీలిమందుని అందులో ముంచి రెండు మూడు తిప్పులు తిప్పి తీసేసేది. ఎక్కువైతే గోడ తెల్లబడటానికి బదులు నీలి పట్టినట్టు కనిపిస్తుందని ఆవిడకు తెలుసు.

దాని వెనక లెక్క తేలికే. ఆరిన సున్నం తెల్లగా ఉన్నా అందులో ఒక పిసరు పసుపు ఛాయ దాగి ఉంటుంది. పసుపుకి నీలం ఎదురు రంగు. పిసరంత నీలం కలిపితే ఆ పసుపు కనపడకుండా పోయి, తెలుపు ఇంకా తెల్లగా తోస్తుంది. నాన్నల పంచెలకీ బడి చొక్కాలకీ నీలిమందు పెట్టడంలో ఉన్నదీ ఇదే. కేంద్ర ప్రజాపనుల శాఖ వాళ్ళ పని నిబంధనల్లో కూడా ఇది ఉంది. వెల్లవేసే సున్నంలో కిలోకి 3 గ్రాముల దాకా నీలం కలపమంటారు. తూనికా కొలతా లేకుండా పిన్ని మూట తిప్పి తీసిన పరిమాణం ఇంచుమించు అదే అయ్యుండాలి.

ఇక్కడొక చిన్న చిక్కుముడి ఉంది. నీలిమందు అనే పేరు నీలిమొక్క నుంచి వచ్చింది. మూటలో ఉన్న పొడి మాత్రం ఆ మొక్కది కాదు.

మొక్క కథ మన ప్రాంతానికి బాగా దగ్గరిది. తిరువూరు దాటి కాస్త పోతే ఖమ్మం జిల్లా. ఆ జిల్లాలోని నాగులవంచలో 17వ శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ కొఠీ పెట్టింది, నీలిమందు కోసం, బట్టల కోసం. సరుకు బందరు రేవు చేరి ఓడలెక్కేది. అప్పటికి ఇదంతా గోల్కొండ రాజ్యం. ఆ తర్వాత కడప, నెల్లూరు, కర్నూలు సీమల్లో నీలిపంట బాగా సాగింది. కోసిన మొక్కల్ని తొట్లలో నానబెట్టి, పులిసిన నీటిని గంటలకొద్దీ చిలికితే అడుగున నీలం పేరుకునేది. దాన్ని ఉడికించి, పిండి, ముక్కలుగా కోసి ఎండబెట్టేవాళ్ళు. 1897లో జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిమందుని మార్కెట్లోకి దించాక ఆ తొట్లు ఒక్కొక్కటిగా ఎండిపోయాయి. బందరు పక్కన పెడనలో కలంకారీ అద్దకందారుల దగ్గర మాత్రం మొక్క నీలం ఇంకా బట్టకెక్కుతోంది.

ఆ మొక్క నీలం బట్టకి ప్రాణం పెడుతుంది కానీ గోడకి పనికొచ్చేది కాదు. వెల్లలో కలిపే నీలం పొడికి అల్ట్రామెరీన్ అని పేరు. పూర్వం దీన్ని ఆఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ కొండల్లో దొరికే రాయిని నూరి తీసేవాళ్ళు. బంగారంతో తూగే ధర కాబట్టి యూరప్ చిత్రకారులు మేరీమాత పైటకొంగు లాంటి చోట్లకే దాన్ని దాచుకునేవాళ్ళు. 1824లో ఫ్రాన్సులోని ఒక పరిశ్రమల ప్రోత్సాహక సంఘం, దీన్ని చవగ్గా తయారుచేసినవారికి 6,000 ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. 1828లో ఝాఁ బాప్టిస్ట్ గీమే దాన్ని అందుకున్నాడు. తెల్ల బంకమట్టి, సోడా, గంధకం, బొగ్గు కలిపి బట్టీలో కాల్చడమే కిటుకు. ఆ నీలం గంధకానిది. పొడి మీద ఆమ్లం పడితే రంగు వెలిసిపోయి కుళ్ళిన గుడ్డు వాసన కొట్టడానికి కారణం కూడా ఆ గంధకమే. ఆమ్లానికి ఓడిపోయే ఈ రంగు సున్నపు క్షారానికి మాత్రం నిలబడుతుంది. రాజుల గదిలో వాడాల్సిన రంగు చివరికి పంచెల బకెట్లోకీ సంక్రాంతి గాబులోకీ చేరిందంటే ఈ గుణం వల్లే.

అన్ని నీలాలకీ ఈ గుణం ఉండదు. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో అనుకోకుండా పుట్టిన ప్రష్యన్ నీలం ఎంత గాఢంగా ఉంటుందో! దాన్ని తడి సున్నం మీద పూస్తే క్షారం తగిలి, లోపలి ఇనుము తుప్పు రంగుకి తిరిగి, కొన్నాళ్ళకి గోడ గోధుమరంగు తేలుతుంది. రంగు అందం ఒకటి, గోడతో దాని పొత్తు ఇంకొకటి. మా తమ్ముడికి నేను నొక్కి చెప్పిన మొదటి మాట ఇది.

ఇప్పుడు మన షాపుల్లో మిషను కలిపిచ్చే ముదురు నీలాల్లో ఎక్కువ భాగం వీటిలో ఏదీ కాదు. 1928లో స్కాట్లండులోని గ్రేంజ్‌మౌత్ కర్మాగారంలో ఒక తెల్లటి రసాయనం తయారుచేస్తుంటే దాంట్లో నీలం మరకలు కనిపించాయి. ఇనప పాత్ర లోపలి పూత పగిలి, ఇనుము ఆ రసాయనంతో కలిసినందువల్ల వచ్చిన మరకలవి. పారబోయకుండా పరిశీలించారు కాబట్టి, ఇనుము బదులు రాగితో చేసిన థాలోసయనిన్ నీలం 1935లో మార్కెట్లోకి వచ్చింది. ఎండకీ క్షారానికీ ఆమ్లానికీ తట్టుకుంటుంది. ఒక్క చుక్క చాలా దూరం పాకుతుంది.

రాగి అనగానే తిరువూరు వాళ్ళకి ఇంకో నీలం గుర్తు రావాలి. మామిడి తోటల్లో చెట్ల మొదళ్ళకి పూసే పూత. మైలుతుత్తం ఒక కిలో, సున్నం ఒక కిలో, పది లీటర్ల నీళ్ళు. బోర్డో పేస్టు అంటారు. దాని నీలం కూడా రాగి పుణ్యమే. వానాకాలం తర్వాత మబ్బుపట్టిన సాయంత్రం ఆ తోట పక్కన నడిస్తే, ఎర్రమట్టి మీద, ముదురాకుపచ్చ కింద వరసగా నిలబడ్డ ఆ లేత నీలపు మొదళ్ళు ఎంత బాగుంటాయో చెప్పలేను. నీలం పక్కన ఏ రంగులు పెట్టాలని ఎవరైనా అడిగితే నేను మొదట ఆ తోట చూసి రమ్మంటాను.

పిన్ని భయం దగ్గరికి వస్తాను. చీకటైపోదూ అన్న మాట ఊరికే పుట్టలేదు. మన భాషే నీలాన్ని నలుపు పక్కన కూర్చోబెట్టింది. తిరుపతిలో సమర్పించేవి తలనీలాలు. నల్లటి జుట్టు నీలి కురులు. భద్రాద్రి రాముడూ, తిరువూరు పక్కనే గంపలగూడెం మండలం నెమలిలో కొలువైన వేణుగోపాలుడూ నీలమేఘశ్యాములు. నల్లనివాడినీ నీలవర్ణుడినీ మనం వేరువేరుగా ఎన్నడూ చూడలేదు. నీలం ముదిరే కొద్దీ నలుపులోకి జారిపోతుందని తెలుగువాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు. చీరల కొట్లో మాత్రం మనకి నీలాల్లో తేడాలు అద్భుతంగా తెలుస్తాయి. నెమలికంఠం, ఆనందా బ్లూ, నేవీ బ్లూ, ఇంకు నీలం అని వేలుపెట్టి చూపిస్తాం. గోడ దగ్గరికొచ్చేసరికి ఆ చూపంతా ఎందుకో మర్చిపోతాం.

శని రంగు కదా అని కూడా పిన్ని ఒక మాట అంది. పూజగదిలో నీలవర్ణుడి పటానికి రోజూ దణ్ణం పెట్టే ఇంట్లో నీలం అరిష్టం ఎలా అవుతుందని తమ్ముడు మెల్లగా అడిగాడు. ఆవిడ కాదనలేదు. అదే వీధిలో అంబేద్కర్‌ని అభిమానించే ఇంకో కుటుంబం ఇంటి ముందు భాగమంతా ముదురు నీలం వేయించుకుంది. 1942లో అంబేద్కర్ స్థాపించిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ జెండా నీలం. ఆ రంగు మీద వాళ్ళకున్న ప్రేమ ఏ వాస్తు పుస్తకానికీ లొంగేది కాదు, లొంగనక్కర్లేదు. రంగుని మనిషి తన కారణాలతో ఎంచుకుంటాడు. ఆ కారణాన్ని గౌరవించి, అది గోడ మీద పది కాలాలపాటు నిలిచే మార్గం చెప్పడమే నా లాంటివాళ్ళ పని.

వెలుతురు లెక్క ఇది. తెల్ల గోడ తన మీద పడ్డ వెలుగులో నూటికి 80 పాళ్ళు, ఇంకా ఎక్కువ కూడా, గదిలోకి తిరిగి పంపిస్తుంది. ముదురు నీలం నూటికి పది పాళ్ళు కూడా పంపదు. మిగతాదంతా తానే తాగేస్తుంది. కాబట్టి నాలుగు గోడలకీ ముదురు నీలం వేస్తే పిన్ని మాట అక్షరాలా నిజమవుతుంది. మన ఊళ్ళలో ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. రెండు పక్కలా కిటికీలు పెట్టే వీలుండదు. ఉన్న కిటికీకి దోమతెర, గ్రిల్లు, దానిపైన కర్టెను. లోపలికొచ్చే వెలుగే తక్కువ. దాంట్లో ఎంత ఖర్చు పెట్టగలమో చూసుకుని నీలం వేయాలి.

ఏ గోడ అన్నది అక్కడే తేలుతుంది. కిటికీ ఉన్న గోడకి ముదురు రంగు వేయకూడదు. వెలుగు వచ్చేది ఆ గోడలోంచే కానీ దాని మీద పడదు. కిటికీ మెరుస్తూ చుట్టూ గోడ బొగ్గులా కనిపిస్తుంది, కళ్ళు లాగుతాయి. కిటికీ పక్క గోడ మీద వెలుగు ఏటవాలుగా జారుతుంది. అప్పుడు లప్పంలో ఉన్న ప్రతి ఎత్తుపల్లం నీడ పడి బయటపడుతుంది. కిటికీకీ వాకిలికీ ఎదురుగా ఉండే గోడ మీద వెలుగు నిండుగా, సూటిగా పడుతుంది. నీలం నీలంలా కనిపించేది అక్కడే.

మా తమ్ముడిది తూర్పు ముఖం ఇల్లు. వాకిలీ రెండు కిటికీలూ తూర్పు గోడకే. వాడు మనసుపడ్డది దక్షిణం గోడ. సోఫా దాని కిందే వస్తుంది కాబట్టి ఫోటోలు బాగుంటాయని. అది కిటికీ పక్క గోడ. పైగా దాని వెనక బాత్‌రూమ్. నాకు అనుమానం వచ్చి, పొడిగా కనిపిస్తున్న ఆ గోడకి అడుగు ఎత్తున ఒక జానెడు పాలిథిన్ ముక్క పెట్టి నాలుగు వైపులా టేపు వేయించాను. మర్నాడు పొద్దున్నకి లోపలివైపు సన్నటి నీటిబొట్లు పట్టాయి. గోడలో చెమ్మ ఉంది. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు. రంగు కొనకముందు ప్రతి ఇంట్లోనూ చేసుకోదగ్గది.

చెమ్మ ఏ రంగుకైనా శత్రువే, ముదురు నీలానికి మాత్రం బద్ధశత్రువు. గోడలో నీళ్ళు ఆరుతూ సిమెంటులోని లవణాల్ని బయటికి మోసుకొస్తాయి. బోరునీళ్ళు ఉప్పగా ఉన్న చోట క్యూరింగు ఆ నీళ్ళతోనే చేస్తే ఉప్పు ఇంకా ఎక్కువ తేలుతుంది. తెల్లగోడ మీద అది తెల్లటి పొడి, ఎవరికీ పట్టదు. నీలం మీద అదే పొడి ఎండిపోయిన చెరువు ఒడ్డులా మరక మీద మరకగా కనిపిస్తుంది. తుడిస్తే పోతుంది, వారానికి మళ్ళీ వస్తుంది. మా సొంతింట్లో పదేళ్ళ క్రితం ఈ పొరపాటు చేసి, రెండేళ్ళు ఆ గోడకి అల్మరా అడ్డం పెట్టి బతికాం. తమ్ముడికి ఆ బాధ వద్దనుకున్నాను. నీలం పడమటి గోడకి మారింది. వాకిలికి ఎదురు గోడ అది. వెనక పడకగది, చెమ్మ లేదు. బాత్‌రూమ్ గోడకి పైపు లీకు సరిచేయించి, ఆరనిచ్చి, తర్వాత తెలుపే వేశారు.

కొత్త ప్లాస్టింగు మీద తొందరపడటం ఇంకో పెద్ద పొరపాటు. తాజా సిమెంటు క్షారం సున్నం కంటే తక్కువేమీ కాదు. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తోందని తడి ఆరకముందే రంగు కొట్టించేస్తారు. ప్లాస్టింగు అయ్యాక క్యూరింగుతో కలిపి కనీసం నెల రోజులు వదలాలి. వానాకాలమైతే ఇంకా ఎక్కువ. క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ తప్పనిసరి. ముహూర్తానికి తెల్ల ప్రైమర్‌తోనే ఇంట్లో పాలు పొంగించి, నీలం మెల్లగా ఆర్నెల్ల తర్వాత వేయించుకున్నా ఏ దేవుడూ కోప్పడడు.

ముదురు నీలం పూత అంత తేలిక కాకపోవడానికి డబ్బాలోనే ఒక కారణం ఉంది. లేత రంగు ఎమల్షన్‌లో తెల్లటి టైటానియం పొడి దండిగా ఉంటుంది. వెనకున్న గోడని కప్పేసే శక్తి దానిదే. ముదురు రంగుకి ఆ తెలుపు అడ్డం. కొంచెం ఉన్నా నీలం ఆకాశంలా పలచబడుతుంది. అందుకని షాపులో ముదురు రంగులకి తెలుపు దాదాపు లేని వేరే బేసు డబ్బా తీసి, మిషను కింద పెట్టి, రంగు చుక్కలు పోస్తారు. రంగు గాఢంగా వస్తుంది కానీ కప్పే శక్తి తగ్గిపోతుంది. రెండు కోట్లు వేసి చూస్తే రోలరు నడిచిన చారలూ కింది తెలుపూ తొంగిచూస్తాయి. మూడో కోటు, కొన్ని నీలాలకి నాలుగోది కూడా పడుతుంది. గోడకి తెల్ల ప్రైమర్ బదులు బూడిదరంగు కలిపిన ప్రైమర్ వేస్తే ఒక కోటు కలిసొస్తుంది. ఈ మాట తెలియక రెండు కోట్లకి కూలి మాట్లాడుకున్న పెయింటరూ, రెండు కోట్లకే డబ్బా కొన్న ఇంటాయనా మధ్యలో గొడవపడటం నేను చూశాను. ఇద్దరి తప్పూ కాదు అది. ముందే మాట్లాడుకుని ఉంటే సరిపోయేది.

లప్పం గురించి తమ్ముడింటికి రంగు వేసిన పెయింటర్ దగ్గర నేర్చుకున్నాను. రెండుసార్లు లప్పం పెట్టి, ఎమరీ పేపర్‌తో రుద్దాక, రాత్రి లైట్లన్నీ ఆర్పి సెల్‌ఫోన్ టార్చిని గోడకి ఆనించి పక్కనుంచి వేశాడు. పగలు అద్దంలా ఉన్న గోడ మీద గుంటలూ గీతలూ దారుల్లా లేచాయి. పెన్సిలుతో చుట్టి గుర్తులు పెట్టుకుని పొద్దున మళ్ళీ పూడ్చాడు. "ఈ రంగుకి దాపరికం ఉండదమ్మా, గోడ గుట్టంతా బయటపెడుతుంది" అన్నాడు. మెరుపున్న ఎమల్షన్ అయితే ఆ గుట్టు ఇంకా పెద్ద గొంతుతో చెబుతుంది. అందుకే ముదురు నీలానికి మెరుపు లేనిది, లేదా చాలా తక్కువ మెరుపున్నది మేలు.

మెరుపు లేకపోవడంలో అందం కూడా ఉంది. నునుపైన పూత మీద లైటు ప్రతిబింబం తెల్లగా మెరిసి లోతుని మింగేస్తుంది. పొడిపొడిగా, మెరుపు లేకుండా ఉన్న నీలంలోకి చూపు దిగుతుంది. ఫ్రెంచి కళాకారుడు ఈవ్ క్లైన్ పొడి అల్ట్రామెరీన్‌లో ఉన్న ఆ లోతు నూనెలో కలిపితే చచ్చిపోతోందని బాధపడి, రంగు పొడి కళ తగ్గకుండా పట్టి ఉంచే ఒక బంకని వెతికించాడు. 1960లో ఆ పద్ధతిని తన పేర నమోదు చేయించుకున్నాడు. మన సున్నపు గోడల నీలానికి ఆ లోతు పుట్టుకతోనే ఉండేది.

మెరుపు లేని పూతకి ఒక లోపం ఉంది. చేయి, భుజం, కుర్చీ వీపు పదేపదే రాసుకున్న చోట అది నున్నబడి మెరుపు మచ్చ పడుతుంది. పిల్లలున్న ఇంట్లో, నడవాలో, స్విచ్చుబోర్డు పక్కన అది వద్దు. అక్కడ కడగడానికి వీలున్న, కొంచెం మెరుపున్న రకం వేసుకోవచ్చు.

కార్డు మీద గడి చూసి రంగు నిర్ణయించడం అన్నంలో ఒక మెతుకు పట్టుకుని ఊరంతటికీ వండేసినట్టు. మేము శాంపిల్ డబ్బా ఒకటి తెచ్చి, రెండడుగుల చదరం అట్టకి తెల్ల ప్రైమర్ వేసి, పైన మూడు కోట్లు కొట్టాం. పొద్దున ఏడింటికి పడమటి గోడకి ఆనించి చూస్తే నెమలికంఠంలా వెలిగింది. మధ్యాహ్నం పన్నెండింటికి నిమ్మళించింది. సాయంత్రం ఏడింటికి ట్యూబులైటు వేయగానే కాస్త కఠినంగా, ఆస్పత్రి వరండాలా అయిపోయింది. పసుపు బల్బు కింద దాదాపు నల్లబడింది.

దీంట్లో మాయ లేదు. గోడ తనంతట తానుగా వెలుగు పుట్టించదు, పడ్డ వెలుగులోంచి నీలాన్ని ఏరి తిరిగి ఇస్తుంది. 2,700 కెల్విన్‌ల పసుపు బల్బులో నీలమే తక్కువ, ఏరడానికి సరుకు ఉండదు. కూల్ డేలైట్ అని అమ్మే 6,500 కెల్విన్‌ల బల్బులో నీలం ఎక్కువ. గోడ మెరుస్తుంది, మనుషుల మొహాలు మాత్రం పాలిపోతాయి. మధ్యలో 4,000 దగ్గర ఉండేవి హాలుకి బాగా కుదిరాయి. అట్ట పెట్టి చూడకుండా ఇది ఎవరూ చెప్పలేరు. బల్బు పెట్టె మీద రంగుల సహజత్వం అంకె ఉంటే 90, ఆ పైన ఉన్నది తీసుకోవాలి.

అట్టని రెండో రోజు పిన్ని చేతికిచ్చి, మీకు నచ్చిన చోట పెట్టి చూడండి అన్నాను. సందెవేళ కరెంటు పోయింది. హాల్లో ఎర్ర కుర్చీ కవర్లు మసకబారి నల్లగా అయిపోయినా ఆ నీలం అట్ట ఇంకా తెలుస్తూనే ఉంది. 1819లో చెక్ దేశపు పుర్కిన్యే గమనించింది దీన్నే. వెలుగు తగ్గే కొద్దీ మన కంటికి ఎరుపులు ముందు చచ్చి, నీలాలు కాసేపు ఎక్కువగా బతుకుతాయి. పిన్ని ఆ పేరు వినలేదు, అట్టని మాత్రం చాలాసేపు చూసింది. "ఒక్క గోడకే కదా" అంది.

ఒక్క గోడకే. సీలింగు తెలుపు, మిగతా మూడు గోడలూ మీగడ ఛాయ ఉన్న తెలుపు. పాలరాయిలా చల్లటి తెలుపు పక్కన నీలం మొండిగా నిలబడుతుంది. మీగడ తెలుపు దాన్ని దగ్గరికి తీసుకుంటుంది. కింద లేతరంగు టైల్సు వెలుగుని పైకి విసరడం కలిసొచ్చింది. ముదురు గ్రానైటు పరిచిన హాలైతే నేను ఈ రంగు వద్దనే చెప్పేదాన్ని.

తోడు రంగుల కోసం దూరం పోలేదు. గడపకి పసుపు రాసిన రోజున ఆ గోడ ముందు నిలబడి చూస్తే ఇల్లాలి చేతిలో ఎంత విద్య ఉందో తెలుస్తుంది. సున్నంలో నీలానికి పసుపు ఎదురైతే ఒకటి కనపడకుండా పోతుంది. విడివిడిగా పక్కపక్కన నిలబడితే రెండూ రెట్టింపవుతాయి. ఇత్తడి దీపపు సెమ్మె, పాత టేకు బీరువా, కొండపల్లి అంబారీ ఏనుగు, పెడన కలంకారీ దిండు గలీబుల ఇటుకరంగు, బుట్టలో నూజివీడు రసాలు. వీటిలో ఏ రెండు పెట్టినా చాలు. అన్నీ పెడితే గోడ కనపడదు. వాడు ఆ గోడకి టీవీ పెట్టాడు. ముదురు గోడ మీద టీవీ ఆపేసి ఉన్నప్పుడు నల్లటి గుంతలా కనపడకుండా కలిసిపోతుంది, అది మంచి ఆలోచనే. దేవుడి కేలండరుకీ పెళ్ళి ఫోటోలకీ మేకులు ఎక్కడెక్కడో రంగుకి ముందే తేల్చుకున్నారు. నీలం మీద మేకు పీకిన తెల్లటి గుంట అందరి కంటా పడుతుంది.

బయటి గోడల సంగతి వేరు. మే నెలలో తిరువూరు ఎండ తెలిసినవాళ్ళెవరూ పడమటి బయటిగోడకి ముదురు నీలం వేయరు. తాగిన వెలుగంతా వేడిగా మారి రాత్రి పదింటిదాకా గదిలోకి దిగుతుంది. లోపలి గోడకి నేరుగా ఎండ తగలనంతవరకు ఆ బెంగ లేదు. అద్దె ఇంట్లో కూడా ఈ రంగు జోలికి పోవద్దు. ఖాళీ చేసేటప్పుడు దాన్ని తిరిగి తెల్లగా చేయాలంటే ప్రైమర్ కోట్లే రెండు పడతాయి.

కావలసిన రంగంతా ఒకేసారి కొనమన్నాను. ఒకే కోడుతో మిషను కలిపినా డబ్బాకీ డబ్బాకీ వెంట్రుకవాసి తేడా ఉండొచ్చు, గోడ మధ్యలో అది గీతలా తేలుతుంది. పెయింటర్ రెండు డబ్బాలూ పెద్ద బకెట్లో కలిపేసి మొదలుపెట్టాడు. ఫ్యాను ఆపి, పొద్దున ఆరింటికి, గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా మధ్యలో టీకి కూడా ఆగకుండా. తడి అంచు ఆరిపోతే అక్కడ పట్టీ పడుతుందని. మూడు కోట్లకీ అలాగే.

చివర్న గరిటెడు రంగు మిగిలింది. దాన్ని వడగట్టి చిన్న పచ్చడి సీసాలో పోసి, మూత బిగించి, రంగు కోడూ తేదీ కాగితం మీద రాసి అంటించాడు తమ్ముడు, రేపు గీత పడితే సన్న కుంచెతో సరిచేసుకోవడానికి. ఎక్కడ పెట్టాలని అడిగితే, పిన్ని దాన్ని తీసుకుని వెళ్ళి పెరట్లో బట్టలుతికే చోట గూట్లో, నీలిమందు డబ్బా పక్కన పెట్టింది.